ఒంటిపన్ను కట్టర్: బిట్ కొనుక్కోండి, బాడీ చేయించుకోండి

ప్రశ్న: మాది గుడివాడ దగ్గర పల్లె. ఐటీఐ ఫిట్టర్‌గా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. ఇంటి వెనక షెడ్డులో చిన్న బెంచ్ మిల్లింగ్ మిషన్ పెట్టుకున్నాను. 500 వాట్ల మోటారు, ఎంటీ3 (కట్టర్ పట్టే టేపర్ రంధ్రం సైజు) స్పిండిల్. రైతులు తెచ్చే స్ప్రేయర్, పంపు ఇంజన్ల హెడ్లు చదును చేసిపెడతాను. సొంతానికి ఏవో ప్లేట్లు, బ్రాకెట్లు చేసుకుంటాను. మూడు ఫ్లై కట్టర్ల (ఒకే బిట్‌తో, అంటే ఒకే కోసే పన్నుతో, తిరుగుతూ చదును చేసే కట్టర్ల) సెట్ ఒకటి తెప్పించాను. 75 మి.మీ. వెడల్పున్న అల్యూమినియం ప్లేటు మీద రెండు వరసల్లో పోనిస్తే మధ్యలో గోటికి తగిలేంత మెట్టు వస్తోంది. పైగా అంతా గీతలు. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) మీద పెడితే దబదబా కొట్టి మోటారు ఆగిపోతోంది. నాలుగు ఇన్సర్టుల (మార్చుకునే పళ్ల) 50 మి.మీ. ఫేస్ మిల్ కొనెయ్యమని ఒక మిత్రుడు అంటున్నాడు. ఫ్లై కట్టర్ సొంతంగా చేసుకోవడమే మేలని ఇంకొకరు. నా దగ్గర లేత్ లేదు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: ఫేస్ మిల్ ఇప్పుడే కొనకండి. అది ఎక్కడికీ పోదు, ఆర్నెల్లు ఆగి అయినా కొనుక్కోవచ్చు. మీ 500 వాట్ల మోటారుకి నాలుగు పళ్ల కట్టర్ బరువైన కాపురమే. అల్యూమినియం మీద ఎలాగో లాక్కొస్తుంది గానీ, ఎం.ఎస్. మీద మళ్లీ ఇదే దబదబ వినిపిస్తుంది. ఇంకో సంగతి ఉంది. నాలుగు ఇన్సర్టుల్లో ఒకటి మిగతా వాటికన్నా 0.02 మి.మీ. కిందకి కూర్చుందంటే చాలు, ఆ ఒక్కటే చివరి గీత గీస్తుంది. నాలుగింటికి డబ్బు పెట్టి ఒకదానితో ఫినిషింగ్ చేయించుకున్నట్టు అవుతుంది. ఫ్లై కట్టర్‌కి ఉన్నదే ఒక పన్ను. ఆ పన్ను బాగుంటే పని బాగుంటుంది. మొద్దుబారితే ఐదు నిమిషాల్లో సాన పట్టుకోవచ్చు. ఇంటి మిషన్‌కి ఇంతకన్నా తగిన కట్టర్ లేదని నా గట్టి నమ్మకం.

మీరు మూడు బాధలు చెప్పారు: మెట్టు, గీతలు, దబదబ. మూడూ ఒకే రోగం అనుకుని కట్టర్ మార్చాలనుకుంటున్నారు. నిజానికి మెట్టు మిషన్‌ది, గీతలు బిట్ ముక్కువి, దబదబలో మాత్రమే కట్టర్ బాడీకి వాటా ఉంది. అందుకని మెట్టు దగ్గరే మొదలుపెడదాం. అది సరిచేయకుండా ఎంత మంచి కట్టర్ చేసుకున్నా మీకు తృప్తి ఉండదు.

ఆ పాత ప్లేటు పారెయ్యకండి, అదే మీకు రోగం చెబుతుంది. టేబుల్ మీద ఉన్నప్పుడు ఎటు ఉందో అటే పెట్టుకుని, మధ్య మెట్టు మీద వేలు ముందు నుంచి వెనక్కి పోనివ్వండి. వెనక వరస దగ్గర వేలు కిందకి దిగితే, మీ కట్టర్ ముందు వైపు కిందకి వాలి తిరుగుతోందన్న మాట. అంటే కాలమ్ మీ వైపు ఒరిగి ఉంది. వేలు పైకెక్కితే కాలమ్ వెనక్కి ఒరిగి ఉంది. ఇక ఎడమ కుడి వాలు తెలియాలంటే గీతలు చూడండి. కట్టర్ ఎడమ కుడి దిక్కున పోయేటప్పుడు దాని ముందు నడిచే అంచు వేసిన వంపు గీతల మీద, వెనక అంచు కూడా తగిలి ఎదురు వంపు గీతలు పడి, రెండూ కలిసి అల్లిక వేసినట్టు ఉంటే ఆ దిశలో స్పిండిల్ నిటారుగా ఉంది. వంపులు ఒకే వైపు ఉంటే వాలు ఉంది.

ఇప్పుడు డయల్ పట్టుకోండి. స్పిండిల్‌కి ఒక కడ్డీ బిగించి, దాని చివర లివర్ డయల్ (సన్నని ఎత్తు తేడాలు చూపే గేజి) పెట్టి, 150 మి.మీ. వ్యాసం సుడిలో చేత్తో తిప్పాలి. టేబుల్‌కి టీ స్లాట్లు ఉంటాయి కాబట్టి డయల్ మొన వాటిలో పడి రీడింగు ఎగిరిపోతుంది. దీనికి నేను వాడేది ఒక పెద్ద పాత బేరింగు బయటి రింగు. దాని రెండు ముఖాలూ మైక్రాన్ల తేడాలో సమాంతరంగా గ్రైండ్ అయి ఉంటాయి. విజయవాడ ఆటోనగర్ స్క్రాపు కొట్లలో అటూ ఇటూ 150 దాటిన లారీ బేరింగు ఒకటి వెతుక్కోండి. ముఖాన గాటు లేకుండా చూసి, టేబుల్ శుభ్రంగా తుడిచి దాన్ని బోర్లించి, దాని మీద డయల్ తిప్పండి. ముందు వెనక తేడా, ఎడమ కుడి తేడా విడివిడిగా రాసుకోండి.

ఎడమ కుడి వాలు సరిచేయడం తేలిక. మిషన్ హెడ్ (స్పిండిల్ ఉండే భాగం) బోల్టులు కొంచెం వదులు చేసి, మెత్తని సుత్తితో తట్టి, మళ్లీ బిగించి చూడటమే. బిగించేటప్పుడు కాస్త కదులుతుంది, దాన్ని లెక్కలో పెట్టుకుని తట్టాలి. ముందు వెనక వాలే ఓపిక పరీక్ష. కాలమ్ నాలుగు బోల్టులతో బేస్ మీద కూర్చునే రకమైతే బోల్టులు వదులు చేసి కింద సన్నని రేకు పెట్టాలి. ఎంత మందం అనేది ఊహతో పెట్టకండి, లెక్క ఉంది. 150 మి.మీ. మీద 0.10 తేడా వచ్చిందనుకోండి, ముందు వెనక బోల్టుల దూరం 120 అయితే, 0.08 మి.మీ. రేకు కావాలి. కాలమ్ మీ వైపు ఒరిగితే ముందు బోల్టుల కింద, వెనక్కి ఒరిగితే వెనక బోల్టుల కింద. పాత ఫీలర్ గేజి రేకులు ఈ పనికి బంగారం లాంటివి, మందం వాటి మీదే చెక్కి ఉంటుంది. రెండు దిక్కుల్లోనూ 150 మీద 0.02 లోపుకి తెస్తే చాలు. అంతకన్నా లోపలికి పోవాలని రోజంతా కూర్చోవద్దు.

0.02 ఎందుకు చాలంటున్నానో చెబుతాను. ఫీడ్ (కోతకి టేబుల్ జరగడం) పోయే దిశలో వాలు ఉంటే ప్లేటు మధ్యలో సన్నని గుంట పడుతుంది. 90 మి.మీ. సుడి (బిట్ మొన తిరిగే చుట్టు వ్యాసం) కట్టర్‌తో మీ 75 ప్లేటు ఒకే వరసలో తీస్తే, 150 మీద 0.2 తేడా ఉన్నప్పుడు మధ్య గుంట దాదాపు 0.027 మి.మీ. వస్తుంది. హెడ్ గాస్కెట్ దగ్గర అది ఒప్పుకోలేని తేడా. అదే 0.02 కి తెచ్చారంటే గుంట 0.003 కూడా ఉండదు. ఈ లెక్కలోనే మీ మెట్టుకి ఇంకో మందు కూడా ఉంది. రెండు వరసలు వద్దు. జాబ్ (కోసే ముక్క) వెడల్పు కన్నా సుడి పెద్దగా ఉండే కట్టర్ చేసుకుని ఒక్క వరసలో తీసెయ్యండి. అందుకే 90 అన్నాను.

గీతల సంగతికి వద్దాం. బజారులో కొన్న సెట్‌తో వచ్చే బిట్ల ముక్కు సూది మొనలా ఉంటుంది. చూడ్డానికి పదునుగా కనబడుతుంది, కానీ సూది మొనతో పొలం దున్నినట్టే. ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి: ఒక చుట్టుకి ఎంత ఫీడ్ ఇస్తున్నామో దాన్ని దానితోనే గుణించి, ముక్కు రేడియస్‌కి ఎనిమిది రెట్లతో భాగిస్తే గీత ఎత్తు వస్తుంది. ముక్కు రేడియస్ 0.1, ఫీడ్ 0.1 అయితే గీత ఎత్తు 0.0125 మి.మీ., చేతికి గరగరలాడుతుంది. అదే ఫీడ్‌కి ముక్కు 0.8 చేస్తే ఎత్తు 0.0016. కట్టర్ అదే, మిషన్ అదే, ఎనిమిదో వంతుకి దిగిపోయింది. మరి ఇంకా పెద్ద రేడియస్ పెడితే ఇంకా బాగుంటుంది కదా అంటారేమో. మీ మిషన్ మీద వద్దు. వెడల్పు ముక్కు జాబ్‌ని కోయకుండా నొక్కుతుంది, తేలిక మిషన్ వణికిపోతుంది. 0.5 నుంచి 0.8 మధ్య ఆగండి.

సాన పట్టే ముందు ఒక పని చేయండి, చాలామంది ఇక్కడే తప్పుతారు. బిట్ బాడీలో పెట్టి, స్పిండిల్ తిరిగే దిక్కున చేత్తో తిప్పి, ముందు నడిచే ముఖం మీద మార్కర్‌తో గుర్తు పెట్టండి. బయటి అంచు మీద ఇంకో గుర్తు, టేబుల్ వైపు ఉన్న కింది అంచు మీద మరో గుర్తు. అప్పుడు బయటకు తీసి సాన దగ్గరకు వెళ్లండి. లేత్ టూలులో కుడి చేతి టూలు, ఎడమ చేతి టూలు అని మనకి అలవాటైన పేర్లు ఫ్లై కట్టర్‌లో బిట్ వాలును బట్టి తారుమారైపోతాయి. గుర్తులుంటే పేర్లతో పని లేదు. కింది అంచుకీ బయటి అంచుకీ వెనక్కి 7 డిగ్రీల చొప్పున క్లియరెన్స్ (జాబ్‌కి రాసుకోకుండా ఇచ్చే వాలు), ముందు ముఖం మీద అల్యూమినియానికైతే 12 డిగ్రీల దాకా రేక్ (కోసే అంచు నుంచి ముఖం వెనక్కి వాలడం), ఇత్తడికైతే రేక్ అసలు వద్దు. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్‌కి తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ వీల్ వాడండి. చేతికి కాలేలోపే నీళ్లలో ముంచుతూ ఉండండి.

తర్వాత ఆయిల్ స్టోన్. చాలామంది దీన్ని వదిలేస్తారు, అసలు పని ఇక్కడే ఉంది. రాయి మీద రెండు చుక్కల నూనె వేసి, ముందుగా రేక్ ముఖాన్ని పరచి, వీల్ గీతలు పోయి అద్దంలా మెరిసేదాకా రుద్దండి. ఆ ముఖం గరుకుగా ఉంటే అల్యూమినియం దాని మీద అతుక్కుని, ఆ అతుకు తెగి తెగి జాబ్ మీద చారలు వేస్తుంది. మీ ప్లేటు మీద గీతల్లో సగం ఇవేనని నా అనుమానం. ఇక ముక్కు. రాయిని క్లియరెన్స్ కోణంలోనే పట్టుకుని, కింది అంచు నుంచి బయటి అంచుకి మణికట్టు తిప్పుతూ మెల్లగా పది పన్నెండు సార్లు లాగండి. కోణం తప్పితే మడమ (అంచు వెనక భాగం) జాబ్‌కి రాసుకుంటుంది. చివర్లో గోటి మీద పెట్టి చూడండి. బరువు వేయకుండా ఆనిస్తేనే గోటిలో కరుచుకుని ఆగాలి. జారిందంటే ఇంకా రాయి పని ఉంది.

ఇక దబదబ. ఒంటి పన్ను కాబట్టి చుట్టుకొక దెబ్బ పడటం దాని స్వభావం. ఆ దెబ్బకి స్పిండిల్ నుంచి టేబుల్ దాకా ఎక్కడ వదులుంటే అక్కడ మోగుతుంది. మీ సెట్‌లో కట్టర్ ఒకటి పట్టుకుని కొలవండి. షాంక్ (కట్టర్ కాడ) సన్నగా, బాడీ కొలెట్ (షాంక్‌ని పట్టే బిగింపు) నుంచి బాగా కిందకి వేలాడుతూ ఉంటుంది. ముక్కు స్పిండిల్ నుంచి ఎంత దూరం పోతే అంత ఊగుతుంది. పైగా ఈ సెట్లలో కొన్నింటిలో ఒక లోపం ఉంటుంది. బిట్ కూర్చునే గాడి బాడీకి సరిగ్గా నడిమధ్యలో తీస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అప్పుడు 8 మి.మీ. బిట్ ముందు ముఖం కేంద్రం గీత కన్నా 4 మి.మీ. ముందుకు వచ్చేస్తుంది. 15 మి.మీ. రేడియస్‌లో తిరిగే చిన్న కట్టర్‌లో ఆ 4 మి.మీ. వల్ల మీ రేక్‌లోంచి 15 డిగ్రీలు పోతాయి. మీరు 12 డిగ్రీలు సాన పట్టినా అది మైనస్ రేక్‌తోనే తిరుగుతోంది, కోయడం మానేసి గుద్దుతోంది. స్కేలు పెట్టి చూడండి: బిట్ ముందు ముఖం బాడీ కేంద్రం మీదుగా పోతోందా, దానికి ముందుందా?

మోటారు ఆగిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. నాబ్‌తో వేగం తగ్గించే డీసీ మోటారు అయితే, వేగం సగం చేస్తే శక్తి కూడా దాదాపు సగమవుతుంది. అందుకని గేర్ లివర్ తక్కువ గేరులో పెట్టి, నాబ్ పైకి తిప్పుకోండి. ఎక్కువ గేరులో నాబ్ కిందకి దించి వాడితే 500 వాట్లు పేరుకే ఉంటాయి. ఎక్స్, వై, జెడ్ మూడింటి గిబ్బులూ (జారే భాగాల వదులు తీసే పట్టీలు) సరిచూసుకోండి. ఫీడ్ ఇచ్చే దిక్కు తప్ప మిగతా రెండూ లాక్ చేసే కోత మొదలుపెట్టండి.

ఇప్పుడు బాడీ. లేత్ లేదని దిగులు పడకండి, లేత్ పని ఇందులో గంట కన్నా ఉండదు. 60 మి.మీ. ఈఎన్8 (ఒక రకం ఉక్కు) రౌండ్ బార్ ముక్క 80 మి.మీ. పొడవు తీసుకుని ఆటోనగర్‌లో తెలిసిన టర్నర్ దగ్గరకు వెళ్లండి. ఈఎన్8 దొరక్కపోతే ఎం.ఎస్. కూడా పనికొస్తుంది. 35 మి.మీ. మందాన డిస్కు, దానికే కలిసి 40 మి.మీ. పొడవు షాంక్ చేయించండి. షాంక్ మీ దగ్గరున్న ఎంటీ3 కొలెట్లలో అన్నిటికన్నా లావుదానికి, సాధారణంగా 16 మి.మీ.కి, సరిపోవాలి. ఆయనకు రెండు మాటలు గట్టిగా చెప్పండి. ఒకటి, షాంక్, డిస్కు వెనక ముఖం ఒకే సెట్టింగ్‌లో తీయాలి, మధ్యలో చక్ విప్పకూడదు. రెండు, షాంక్ డిస్కుని కలిసే మూల దగ్గర 1.5 మి.మీ. రేడియస్ వదలాలి. చుట్టుకొక దెబ్బ తినే ముక్కకి మూల పదునుగా ఉంటే అక్కడే పగులు పుడుతుంది. 60 డిస్కు ముప్పావు కిలో పైనే తూగుతుంది. బరువెందుకని తగ్గించకండి. ఆ బరువే ఫ్లైవీల్‌లా తిరిగి, దెబ్బకీ దెబ్బకీ మధ్య వేగం పడిపోకుండా కాస్తుంది, మిషన్ గేర్లకి కుదుపు తగ్గిస్తుంది. కొలెట్‌లో షాంక్ పూర్తిగా దూర్చి, డిస్కు వెనక ముఖానికీ స్పిండిల్ ముక్కుకీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు మాత్రమే ఉంచి వాడండి.

మిగతాదంతా మీ మిషన్ మీదే. షాంక్‌ని వీ బ్లాకులో పట్టి, వైస్‌లో 15 డిగ్రీలు వాల్చి బిగించండి. డిస్కు కింది ముఖం మీద ఆ వాలులో ముందు చదును తీసి, అదే సెట్టింగ్‌లో గాడి తీయండి. గాడి ఎక్కడ రావాలో ఇందాకటి లెక్క చెబుతుంది: ముందు గోడ సరిగ్గా కేంద్రం గీత మీద, గాడి వెడల్పంతా దానికి వెనక. అప్పుడు బిట్ ముందు ముఖం కేంద్రం మీద కూర్చుంటుంది, మీరు పట్టిన రేక్ మీకే దక్కుతుంది. 6 మి.మీ. ఎండ్ మిల్‌తో మొదలుపెట్టి రెండు గోడలూ విడివిడిగా తోముతూ, బిట్ వేలి ఒత్తిడితో దూరేదాకా వెడల్పు చేయండి. 8 మి.మీ. ఎండ్ మిల్‌తో ఒక్కసారే తీస్తే గాడి కొంత వదులవుతుంది. బిట్ ముందే కొని, వెర్నియర్‌తో కొలిచి, దానికి తగ్గట్టు తీయండి. అంగుళాల లెక్కలో 5/16 బిట్ అంటే 7.94 మి.మీ., 8 మి.మీ. గాడికి అది చక్కగా కుదురుతుంది.

బిట్‌ని బిగించే గ్రబ్ స్క్రూలు (తల లేని స్క్రూలు) ఎటు నుంచి రావాలి? ముందు వైపు నుంచే. కోత బలం బిట్‌ని వెనక్కి నెడుతుంది కాబట్టి వెనక నిండు గోడ ఉండాలి. స్క్రూలు బిట్‌ని ఆ గోడకేసి నొక్కాలి. తిరగేసి చేస్తే కోత బలమంతా స్క్రూల మొనల మీదే పడుతుంది, వదులవడానికి ఎంతో సేపు పట్టదు. గాడి ముందు గోడ నుంచి డిస్కు అంచు దాకా 30 మి.మీ. ఉంటుంది కదా, అక్కడ చదును తీసి ముందు గోడ 12 మి.మీ. మిగల్చండి. దానిలో 5 మి.మీ. డ్రిల్ వేసి ఎం6 ట్యాప్ కొట్టండి. స్క్రూలు మూడు ఉండాలి, రెండు చాలవు. 12.9 గ్రేడు గ్రబ్ స్క్రూలు కొనండి, మెత్తవి అయితే అలెన్ కీ తిరిగి గుంట గుండ్రమైపోతుంది. బిట్ బాడీ అంచు దాటి 15 మి.మీ. బయటకు ఉంచితే 90 సుడి వస్తుంది. 8 మి.మీ. బిట్‌కి 15 మి.మీ. దాదాపు హద్దు, అంతకు మించి లాగకండి.

బిట్ల విషయంలో పొదుపు చేయకండి. సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లే పని పడితే అక్కడి టూల్స్ కొట్లలో పేరున్న కంపెనీ హెచ్ఎస్ఎస్ బిట్లు రెండు మూడు తెచ్చుకోండి. అల్యూమినియానికి, ఇత్తడికి మామూలు హెచ్ఎస్ఎస్ చాలు, కోబాల్ట్‌కి ఎక్కువ పెట్టనక్కర్లేదు. ఎం.ఎస్. మీదకు మాత్రం బ్రేజ్డ్ కార్బైడ్ టూలు (కార్బైడ్ మొన అతికించినది) ఒకటి ఉంచుకోండి. గ్రేడు అడిగితే పీ30 చెప్పండి. పీ10 గట్టిదే గానీ, దెబ్బకి అంచు రాలుతుంది. పీ30 దెబ్బ ఓర్చుకుంటుంది. కాస్ట్ ఐరన్‌కి కే20. లేత్ కోసం చేసిన షాంకు మీ గాడిలో పట్టదు, కాబట్టి కొట్టుకి వెళ్లేటప్పుడు బాడీ చేతిలో పట్టుకెళ్లండి. ముక్కు ఎటు తిరగాలో కూడా అక్కడే చూసుకోవచ్చు. కార్బైడ్‌ని తెల్ల వీల్ మీద పెట్టకండి, దానికి పచ్చ సిలికాన్ కార్బైడ్ వీల్ వేరే ఉంటుంది. కార్బైడ్‌తో కోసేటప్పుడు నూనె, నీళ్లు చల్లకండి. చుట్టు చుట్టుకీ వేడెక్కి చల్లారుతూ అంచు చిట్లిపోతుంది.

వేగానికి లెక్క: నిమిషానికి ఎన్ని మీటర్ల కోత వేగం కావాలో దాన్ని 318తో గుణించి సుడి వ్యాసంతో భాగించండి. అల్యూమినియానికి హెచ్ఎస్ఎస్‌తో 90 మీటర్లు పెట్టుకుంటే, 90 సుడికి 318 చుట్లు. ఎం.ఎస్.కి హెచ్ఎస్ఎస్‌తో 25 మీటర్లే, అంటే 88 చుట్లు. మీ మిషన్ అంత నెమ్మదిగా బలంగా తిరగదు. మీ మోటారు ఆగిపోయింది ఇక్కడే అయి ఉండొచ్చు. ఎం.ఎస్. అయితే కార్బైడ్‌తో 75 మీటర్ల లెక్కన 265 చుట్లు పెట్టండి. లేదా బిట్ లోపలికి జరిపి సుడి చిన్నది చేసుకోండి. లోతు అల్యూమినియంలో 0.3, ఎం.ఎస్.లో 0.15తో మొదలుపెట్టండి. చివరి కోత 0.05.

ఫీడ్ దగ్గర మనుషులు తొందరపడతారు. 318 చుట్లకి చుట్టుకి 0.08 అంటే నిమిషానికి 25 మి.మీ. హ్యాండ్‌వీల్ ఒక చుట్టుకి 2 మి.మీ. కదిలితే, ఒక చుట్టు తిప్పడానికి ఐదు సెకన్లు పట్టాలన్న మాట. చేత్తో ఐదు సెకన్లకు ఒక చుట్టు, ఆపకుండా, ఏడెనిమిది నిమిషాలు తిప్పడం మనిషికి కష్టం. మధ్యలో చెయ్యి మార్చిన చోటల్లా జాబ్ మీద ఒక చార పడుతుంది. ఆటోనగర్‌లో పాత కారు వైపర్ మోటారు ఒకటి, దానికి 12 వోల్టుల సప్లై, స్పీడ్ కంట్రోలర్ తెచ్చి టేబుల్ స్క్రూకి తగిలించుకోండి. నా షెడ్డులో ఫినిషింగ్ బాగుపడింది అది పెట్టిన రోజే.

ఒక్క జాగ్రత్త మాత్రం పెద్దవాడి మాటగా చెప్పనివ్వండి. బాలానగర్‌లో టూల్ రూములో చేరిన కొత్తలో ఒకరోజు మూడు స్క్రూల్లో రెండు బిగించి, మూడోది వేలితో తిప్పి వదిలేశాను. ఎవరో పిలిస్తే తల తిప్పి, వచ్చి స్విచ్ వేశాను. బిట్ ఎగిరి పక్కనున్న రేకు గోడకి చిల్లు చేసుకుని అవతల పడింది. నిమిషం ముందు ఆ గోడ పక్కన మా హెల్పర్ కుర్రాడు కూర్చుని టీ తాగుతున్నాడు. ఇన్నేళ్లైనా ఆ చప్పుడు నా చెవిలో ఉంది. ఆనాటి నుంచి అలెన్ కీ మూడు స్క్రూలకీ రెండేసి సార్లు పెట్టకుండా, స్పిండిల్‌ని చేత్తో ఒక నిండు చుట్టు తిప్పి చూడకుండా స్విచ్ ముట్టుకోను. మీరు కూడా సుడి తిరిగే తలానికి ఎదురుగా నిలబడకండి, పక్కకు ఉండండి. కళ్లద్దాలు పెట్టుకోండి. చేతి తొడుగులు, భుజాన తువ్వాలు, లుంగీ మిషన్ దగ్గర వద్దు. ఫ్లై కట్టర్‌ని డ్రిల్ చక్‌లో ఎప్పుడూ పట్టకండి. పక్క దెబ్బలకి చక్ టేపర్‌లోంచి ఊడి కింద పడుతుంది. కొలెట్, డ్రా బార్ (కొలెట్‌ని పై నుంచి లాగి పట్టే కడ్డీ) ఉంటేనే పని మొదలుపెట్టండి.

చివరగా మీ హెడ్ల గురించి. రెక్కలు పట్టి వైస్‌లో బిగించకండి, విరుగుతాయి. విరక్కపోయినా హెడ్ వంగి, విప్పిన తర్వాత మళ్లీ వంకరే తేలుతుంది. ప్లగ్ రంధ్రం నిటారుగా ఉన్న హెడ్ అయితే మందపాటి ప్లేటుకి రంధ్రం చేసి, కింద నుంచి ప్లగ్ మరకి సరిపడే బోల్టుతో లాగి పట్టండి. ఎక్కువ ప్లగ్గులకి అది 14 మి.మీ., 1.25 పిచ్. మర అల్యూమినియందని గుర్తుంచుకుని మరీ బలంగా లాగొద్దు. ప్లేటుకి ఆనని చోట్ల రేకు ముక్కలు దూర్చి ఆసరా ఇవ్వండి. కోతకి 0.05 చొప్పున, చివరి నల్ల మచ్చ పోయేదాకా తీసి ఆగండి. మొత్తం 0.2 దాటేలా ఉంటే కంప్రెషన్ పెరుగుతుందని రైతుకి ముందే చెప్పి, పిస్టన్‌కి సందు సరిచూసి అప్పుడు తీయండి. అంచులు సన్న ఆకురాయితో విరిచి, బోల్టు రంధ్రాల్లో, ప్లగ్ మరలో ఇరుక్కున్న పొట్టు బ్రష్‌తో, గాలితో పూర్తిగా పోగొట్టాకే హెడ్ చేతికివ్వండి. అందులో ఒక్క చిప్ సిలిండర్‌లోకి దిగినా పిస్టన్ మీద గీత పడుతుంది.